గుమ్మం దాకా వచ్చిన పడవ

స్ప్లిట్,
ఏప్రిల్, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన యాక్షాకు,

నీ తిహానా రాస్తున్నది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, పిల్లీ క్షేమం. అక్కడ నువ్వూ, నీ లైట్‌హౌసూ, నీతోపాటు డ్యూటీ చేసే ఆ గురకల పెద్దమనిషీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. సరుకుల పడవ మీద నీ ఉత్తరం అందింది. కవరు ఉప్పునీళ్ళకు తడిసి, ఎండి, అప్పడంలా వచ్చింది. అయినా ఒక్క అక్షరం పోలేదు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. నువ్వు ఆ రాతి కొసకు వెళ్ళి నిలబడితే గాని సిగ్నల్ అందదు, అందినా సగం మాటలు గాలి తినేస్తుంది. ఈసారి నేను చెప్పవలసినవాటిలో సగం పోతే లాభం లేదు. అందుకే కాగితం తీశాను. ఈ ఉత్తరం కవరులో పెట్టేముందు చదివి వినిపిస్తానని అత్తయ్యకు మాట కూడా ఇచ్చాను. కాబట్టి నీకు తెలిసిన సంగతులు కూడా అక్కడక్కడా విడమరచి రాస్తే విసుక్కోకు. అవి ఆవిడ కోసం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు బాగానే ఉంది. నోరు ఇంకా బాగుంది. నిన్న మార్కెట్లో చేపలమ్మే ఆవిడతో, "ఈ చేప కన్ను చూడు, నాకంటే ముసలిది" అని గొడవ పెట్టుకుని, గెలిచి, అదే చేప కొనుక్కొచ్చింది. వంటింటి గోడ చెమ్మ సంగతి మా అన్నయ్య లోవ్రె చూస్తానన్నాడు. చూశాడు, పైన రంగు వేశాడు, వెళ్ళిపోయాడు. ఇప్పుడు చెమ్మ కొత్త రంగులో కనిపిస్తోంది. పిల్లి నీ కుర్చీని సొంతం చేసుకుంది. నువ్వు వచ్చాక దానితో నువ్వే మాట్లాడుకో.

"నాన్న పడవ ఎలా ఉంది? అమ్మ చూస్తోందా?" అని ఆఖరి వరుసలో రాశావు. దానికి జవాబు ఉంది, పెద్దదే. కానీ దానికంటే ముందు నీ రెండో ప్రశ్నకు చెప్పాలి. అది చెబితే గాని ఇది అర్థం కాదు. కాబట్టి కాస్త ఓపిక పట్టు, కాగితాలు తిరగేసి చివరికి దూకకు. నీ సంగతి నాకు తెలుసు.

"మన పడవల ఆట బొనాత్సా విండోస్ మీద ఎలా నడుస్తోంది, లినక్స్ మీద ఎలా నడుస్తోంది, దాచకుండా రాయి" అన్నావు. దాచకుండా అన్న మాట కింద గీత కూడా గీశావు. గీతలు గీసే మనిషివి కాదు నువ్వు. నీకే ఏదో అనుమానం ఉన్నట్టుంది.

పోయిన నెల లోవ్రె తన పెద్ద కంప్యూటర్ మోసుకొచ్చి మన వంటింటి బల్ల మీద పెట్టాడు. దానికి రెండు డిస్కులు. ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో నేను పట్టుబట్టి ఎక్కించిన లినక్స్. యంత్రం ఒకటే, ఆట ఒకటే, కింద నడిపించేది మాత్రం వేరు. పందెం వేసుకున్నాం, ఓడినవాళ్ళు మర్నాడు మార్కెట్ దగ్గర మరెండా పెట్టించాలి. పొద్దున పది గంటల తిండి పందెంగా పెడితే లోవ్రె ఊళ్ళో ఎవరితోనైనా, దేనిమీదైనా పందానికి వస్తాడు.

"లినక్స్ మీద ఆటలేంటే చెల్లీ?" అన్నాడు కూర్చుంటూనే. "అది గడ్డాలవాళ్ళ వ్యవహారం. మీ ఆయన గడ్డం పెంచాడు కాబట్టి వాడికి నప్పింది. ఆడుకునేవాళ్ళం మాలాంటి వాళ్ళం విండోస్ వేసుకుంటాం, హాయిగా ఆడుకుంటాం."

"ముందు ఆడు, తర్వాత వాగు" అన్నాను.

మన పరీక్షకు ఎప్పుడూ పెట్టుకునే చోటే పెట్టాం. మొదటి రేవు, ఆగ్నేయం నుంచి కొట్టే యూగో గాలి, కుండపోత వాన, తెరంతా అలలు. విండోస్ మీద పడవ వెన్నలా వెళ్ళింది. లోవ్రె కాలు మీద కాలు వేసుకున్నాడు. తర్వాత లినక్స్ డిస్కు తెరిచి, నువ్వు లినక్స్ కోసం తిరగరాసిన ఆట పెట్టాను. యాక్షా, నువ్వు దాచకుండా రాయమన్నావు. పడవ అల ఎక్కి, అక్కడే గాల్లో కాసేపు ఆలోచించుకుని, తర్వాత దిగింది. వాన ఆగి ఆగి పడింది. లోవ్రె నవ్విన నవ్వుకు పిల్లి లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు మూడోది చేశాను. లోవ్రె ఎదురుచూడనిది అదే. విండోస్ కోసం రాసిన ఆటనే తెచ్చి, లినక్స్ మీద, దుబాసీ చేత నడిపించాను.

ఇది అత్తయ్య కోసం. అత్తయ్యా, విండోస్ కోసం రాసిన ఆటకు లినక్స్ భాష రాదు. కాబట్టి మధ్యలో ఒక దుబాసీ కూర్చుంటాడు. ఆట అడిగింది లినక్స్‌కు చెబుతాడు, లినక్స్ ఇచ్చింది ఆటకు అందిస్తాడు. ఒకప్పుడు ఈ దుబాసీకి నత్తి. ఒక మాటకు పది మాటలు తడుముకునేవాడు. అందుకే మీ అబ్బాయి, "దుబాసీ దయ మనకెందుకు, ఆటను నేనే లినక్స్ భాషలో తిరగరాస్తా" అని మూడు చలికాలాలు ఆ గదిలోంచి కదల్లేదు. ఈలోగా చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న లినక్స్ యంత్రాలు వచ్చాయి, జనం కొన్నారు, ఎక్కడెక్కడివాళ్ళో పూనుకుని ఆ దుబాసీ నత్తి పోగొట్టారు. ఇప్పుడు వాడు మాట్లాడుతుంటే మధ్యలో మనిషి ఉన్నట్టే తెలియదు.

తెలియలేదు యాక్షా. నిజంగానే తెలియలేదు. అదే తుఫాను, అదే రేవు, విండోస్‌తో సమానంగా నడిచింది. అలలు మరీ పెద్దవైనచోట వెంట్రుకవాసి ముందే ఉంది. లోవ్రె కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏదో మోసం ఉంది ఇందులో. నువ్వు మాయలమారి పెళ్ళానివి" అన్నాడు.

"నీ దగ్గరున్న ఆటలన్నీ పెట్టు, చూద్దాం" అన్నాను. పెట్టాడు. చాలావరకు బాగానే ఆడాయి. కొన్ని విండోస్ కంటే కాస్త వెనకబడ్డాయి, కొన్ని కాస్త ముందుకెళ్ళాయి. చివరికి వాడు స్నేహితులతో కలిసి ఆన్‌లైన్లో కాల్చుకునే ఆట తెరవబోతే, మోసగాళ్ళను పట్టుకోవడానికి పెట్టిన కాపలా కాస్తా లినక్స్‌ను గుమ్మంలోనే ఆపేసింది. లోవ్రెకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, చూశావా! నీ దుబాసీని మా ఇంట్లోకి రానివ్వరు!" అని గంతులేశాడు. అది మాత్రం నిజమే, ఒప్పుకున్నాను. మర్నాడు వేయించిన చేపలు వాడు పెట్టించాడు, వైన్ నేను పోయించాను. పందెం అలా తేలింది.

పందెం తేలింది గాని నా గుండెలో బరువు తేలలేదు. నువ్వు చేసిన దానికంటే దుబాసీ బాగా చేస్తున్నాడని నీకు ఎలా చెప్పాలి? ఆ మూడు చలికాలాలూ పక్కగదిలో నేనే కదా ఉన్నది, నీ దగ్గు వింటూ. పైగా ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణంలో వసంతం తగ్గింపు అమ్మకాలు ముంచుకొచ్చాయి. కొత్తవాళ్ళు వచ్చి చూసే వారం అదే. నువ్వు ఇంటికి రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి. అందుకని నిన్ను అడగకుండానే నిర్ణయం తీసుకున్నాను. నువ్వు రాసిన లినక్స్ రూపాన్ని దుకాణంలోంచి తీసేసి, లినక్స్ వాళ్ళకు కూడా విండోస్ రూపమే వెళ్ళేలా పెట్టాను. కోపం వస్తే కాసేపు సముద్రాన్ని తిట్టు, తర్వాత మిగతాది చదువు. ఆటగాళ్ళు సంతోషించారు. చేతి యంత్రాల మీద ఆడేవాళ్ళు ఇన్నాళ్ళకు మన తుఫాను చూశామని రాశారు. అందుకు నాకు ఆనందంగానే ఉంది, అబద్ధం ఆడను.

ఇప్పుడు దుయె మామయ్య పడవ.

ఆ లైట్‌హౌసుకు నువ్వు ఉద్యోగానికి వెళ్ళినప్పటినుంచీ మామయ్య అక్కడికి రావాలనుకున్నాడు. గుండె బలహీనం, చిన్న పడవలెక్కొద్దని డాక్టరు అన్నాడు. అందుకే కదా నువ్వు పోయిన వసంతంలో ఆటలో ఆ దీవిని కట్టావు. వెలి ష్కోయ్, రెండు బండల మధ్య సందు, లోపల రేవు, పైన తిరిగే దీపం. మామయ్య పాత కంప్యూటర్ కొత్త విండోస్‌కు చాలదంటే దానికి లినక్స్ ఎక్కించి, నీ రూపం పెట్టి, "నాన్నా, ఇలాగైనా మా ఇంటికి రా" అన్నావు. జీవితమంతా ఫెర్రీ ఇంజను గదిలో నూనె పూసుకున్న మనిషికి అప్పుడు చుక్కాని దొరికింది. ఆ వేసవంతా ఆయన పడవ నడిపాడు. శరదృతువులో పోయాడు.

పోయాక నువ్వు ఆ ఆట తెరిచి చూశావు. ఆయన పడవ వెలి ష్కోయ్ బండలకు ఇవతల ఆగి ఉంది. కర్మకాండ భోజనాలయ్యాక నువ్వు నాతో అన్న మాట నేను మరిచిపోలేదు. "గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి రాలేదు తిహానా. ప్రోగ్రామర్ని చేస్తే దీపం తుడిచే పనికి పోయానని ఆయనకు చివరిదాకా నామోషీయే." ఆ తర్వాత ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన కుర్చీలో కూర్చుని, ఆ పడవను చూసి, ముట్టుకోకుండా మూసేస్తావు. అత్తయ్యదీ అదే వరస, ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఆట తెరిచి, "ఉన్నాడు" అనుకుని వంటలోకి వెళ్తుంది.

నా నిర్ణయం తర్వాత వచ్చిన మొదటి ఆదివారం అత్తయ్య తన ఇంటినుంచి ఫోను చేసింది.

"అమ్మాయ్, దుయె పడవ లేదే."

"లేకపోవడమేంటి అత్తయ్యా? సరిగ్గా చూడు."

"చూశాను. ఖాళీ రేవు. 'కొత్త ప్రయాణం మొదలుపెట్టండి' అంటోంది. ఈ వయసులో నాకు కొత్త ప్రయాణం ఎందుకే? నా మొగుడి పడవ ఏది?"

అప్పుడు అర్థమైంది. మామయ్య కంప్యూటర్ తనంతట తానే కొత్త రూపం తెచ్చుకుంది. నేనే కదా పంపించాను. ఆట మారిస్తే పాత పడవలు ఏమవుతాయో ఆలోచించలేదు. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి కూడా అమ్మకాల తొందరలో ఆలోచించలేదు. కోటు వేసుకోకుండా పరుగెత్తాను. అత్తయ్య తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక్క మాట తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతే ఎంత భయమేస్తుందో నీకు తెలుసు.

నేను ఏడ్చాను యాక్షా. ఆయన్ని రెండోసారి పోగొట్టానని ఏడ్చాను. అత్తయ్యే లేచి కాఫీ పెట్టింది.

ఆ కాఫీ తాగుతూ ఆటగాళ్ళ ఉత్తరాలు తెరిచాను, ఇంకెవరికైనా ఇలా జరిగిందేమోనని. లినక్స్ వాళ్ళ సంగతి తెలుసుగా. విండోస్ వాళ్ళు "పనిచేయట్లేదు" అని రాసి ఊరుకుంటారు. వీళ్ళు కంప్యూటర్ పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెట్టి, ఏ క్షణాన ఏం జరిగిందో, ఎందుకు జరిగి ఉంటుందో, మనం ఏం చేస్తే బాగుంటుందో రాసి, చివర క్షమించమంటారు. అలాంటి ఉత్తరమే ఒకటి, ఎస్తోనియా నుంచి, ఉర్మస్ అని. "మీరు మంచి పని చేశారు, ఆట ఇప్పుడు అద్భుతంగా ఉంది. ఒక్కటే, నా పడవ కనిపించలేదు. వెతికాను. అది పోలేదు. పాత రూపం దాన్ని ఒక బీరువాలో పెట్టేది, కొత్త రూపం దుబాసీ గదిలోని బీరువాలో వెతుకుతోంది. ఇక్కడినుంచి తీసి అక్కడ పెడితే చాలు" అని దారంతా రాశాడు. ఆ మనిషిని ఎప్పుడైనా చూస్తే దండం పెడతాను.

ఆయన చెప్పినట్టే చేశాను. అత్తయ్య నా భుజం పట్టుకుంది. తెర వెలిగింది. మామయ్య పడవ, బండలకు ఇవతల, ఎప్పటిలాగే.

"ఉన్నాడు" అంది అత్తయ్య. కూర్చుండిపోయింది.

ఇక్కడితో అయిపోతే నేను క్షమాపణ చెప్పుకుని ఉత్తరం ముగించేదాన్ని. కానీ ఉర్మస్ ఉత్తరంలో చివర ఇంకో మాట ఉంది. "పాత రూపంలో వెలి ష్కోయ్ రేవులోకి వెళ్ళబోతే, దీపం వెలుగు తెర మీద పడగానే ఆట పడిపోయి, మూసుకుపోయేది. కిందటి వేసవి చివరలోనే రాశాను, మీకు అందలేదేమో. ఇప్పుడు హాయిగా వెళ్తోంది." అందింది యాక్షా. నువ్వు దీవిలో ఉన్నావు, నేను ఆసుపత్రిలో మామయ్య దగ్గర ఉన్నాను. ఆయన పోయాక ఆ పాత ఉత్తరాల పెట్టె ఇద్దరం తెరవలేదు. నీ కంప్యూటర్లో ఆట ఒక్కసారీ పడలేదు, అందుకని ఎవరికీ పడదనుకున్నాం. నువ్వు రాసిన రూపం మీద లోవ్రె కంప్యూటర్లో వెళ్ళి చూశాను. బండల సందులోకి వెళ్ళానో లేదో, తెర నల్లబడి ఆట మూసుకుపోయింది.

మళ్ళీ అత్తయ్య దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "అత్తయ్యా, మామయ్య ఆడేటప్పుడు ఆట మూసుకుపోయేదా?"

ఆవిడ కాసేపు తువ్వాలు మడత పెట్టింది.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడే."

"ఎవరికి చెప్పొద్దని?"

"యాక్షాకి. రోజూ మధ్యాహ్నం వెళ్ళేవాడు. ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి ఠప్పున ఆరిపోయేది. ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి, గాలి మారితే వెళ్ళొచ్చేమోనని ఇంకోసారి. 'పిల్లాడికి చెప్పవయ్యా, బాగుచేస్తాడు' అంటే నామీద ఎగిరేవాడు. 'వాడు మూడు చలికాలాలు కళ్ళు పోయేలా కష్టపడి చేశాడే, పడిపోతోందని చెబితే ఆ రాతి మీద వాడికి నిద్ర పడుతుందా? చుక్కాని పట్టడం నాకే ఇంకా రాలేదు, నేర్చుకుంటాను' అనేవాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజు పొద్దున కూడా వెళ్ళాడు."

ఆట పాత ప్రయాణాలను కొన్నిటిని దాచిపెడుతుంది కదా, రేవు దగ్గరపడగానే. అవి ఒక్కొక్కటే తెరిచాను. అత్తయ్య చెప్పింది చెప్పినట్టే ఉంది. ఉత్తరం నుంచి ఒకటి, పడమర నుంచి ఒకటి, వానలో ఒకటి, బొనాత్సాలో ఒకటి, సముద్రం అద్దంలా ఉన్న రోజు. అన్నిటిలోనూ పడవ ముక్కు నీ దీపం వైపే ఉంది. వెనక్కి తిరిగినది ఒక్కటీ లేదు.

నామోషీ కాదు యాక్షా. ఆయన రోజూ వచ్చాడు. తలుపు తెరుచుకోలేదు, అంతే. ఆ తలుపు నీది కాబట్టి, తెరుచుకోవట్లేదని నీతో అనలేకపోయాడు.

ఇది నిన్ను నొప్పిస్తుందని తెలుసు. ఒక గంట నొచ్చుకో, అంతకంటే వద్దు. నీ రూపమే లేకపోతే ఆ పాత పెట్టె మీద ఆయనకు ఆట ఉండేదే కాదు, ఆ వేసవి ఉండేది కాదు, ఇంజను గది మనిషికి చుక్కాని ఉండేది కాదు. నువ్వు చేసింది ఆయన్ని సముద్రమంతా తిప్పింది. చివరి కాస్త దూరం దుబాసీ చూసుకుంటాడు.

చూసుకుంటాడని ఊరికే అనడం లేదు. నా పడవను తెచ్చి, మామయ్య కంప్యూటర్లోనే, అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళి చూశాను. బండల మధ్యకు వెళ్ళాం. దీపం తిరిగింది. వెలుగు నీళ్ళ మీదుగా వచ్చి పడవ మీద పడి, దాటి వెళ్ళింది. ఏదీ ఆరిపోలేదు. అత్తయ్య శిలువ గుర్తు వేసుకుని, "ఇంత చిన్న ఇల్లా వాడిది?" అంది. తర్వాత, "మన గదిలో దీపం తీసెయ్, ఇది బాగా కనిపిస్తుంది" అంది.

మామయ్య పడవ మాత్రం నేను ముట్టుకోలేదు. లోవ్రె వచ్చి లోపలికి తీసుకెళ్తానంటే అత్తయ్య వాడి చేతి మీద ఒక్కటి వేసింది. అది ఉన్నచోటే ఉంది, ముక్కు నీ వైపు పెట్టుకుని. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. నీ డ్యూటీ అయ్యాక వచ్చే పడవ ఎక్కి, ఎక్కడా ఆగకుండా ఇంటికి రా. మామయ్య కుర్చీలో, అత్తయ్య పక్కన కూర్చో, చుక్కాని అందుకో. మీ నాన్నను లోపలికి తీసుకురా.

ఇట్లు,
దుయె మామయ్య కోడలు,
నీ భార్య
తిహానా

అత్తయ్య విన్నది. ఒక్క వాక్యం చేర్చమంది: "మీ నాన్న వచ్చేసరికి కాఫీ పెట్టి ఉంచుతాను, ఆలస్యం చేయకు."